కోట ఎక్కే ముందు కింద ఒకరికి చెప్పి ఎక్కండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు, మీవారు, పదేళ్ల పాప, డిసెంబరు సెలవుల్లో హైదరాబాదు నుంచి కారులో వచ్చి గుత్తి కోట, గండికోట, లేపాక్షి చూడాలనుకుంటున్నారు. పాపకు కుక్కలంటే హడలు, మీకు పాములంటే హడలు. మీ అత్తగారేమో "రాయలసీమలో మనకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు, ఆ పాడుబడ్డ కోటల్లో ఏదైనా అయితే ఎవరు పలుకుతారు" అంటున్నారట. హోటళ్లు, దూరాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. మనుషుల గురించీ, జంతువుల గురించీ రాస్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను గుంతకల్లులో రైల్వే ఉద్యోగిని. ఇరవై మూడేళ్లుగా రెస్టు దొరికిన రోజు బండి తీసి ఈ చుట్టుపక్కల కోటలు, గుళ్లు, శాసనాలు తిరుగుతున్నాను, కొన్నిసార్లు ఒక్కణ్ణే, కొన్నిసార్లు ఇంటిల్లిపాదీ. ఇన్నేళ్లలో పాము ఒక్కసారీ కరవలేదు, కోతి ఒకసారి గీరింది, తేనెటీగలు ఒకసారి బాగా కుట్టాయి, మనిషన్నవాడు ఎవడూ నా దగ్గర ఒక్క రూపాయి లాక్కోలేదు. అన్నం పెట్టినవాళ్లు, నీళ్లిచ్చినవాళ్లు, చెయ్యి పట్టుకుని దారి చూపించినవాళ్లు మాత్రం ఎంతమందో లెక్క చెప్పలేను.

మీ అత్తగారి మాటతోనే మొదలుపెడతా. సీమ అంటే సుమోలు, బాంబులు, తొడలు కొట్టుకోవడం అని సినిమాల్లో చూసి చాలామంది అదే నిజమనుకుంటారు. నాకు ఆ మాట విన్నప్పుడల్లా నిజంగా బాధేస్తుంది. ఇక్కడ వానలు తక్కువ, పంట చేతికొస్తుందన్న నమ్మకం తక్కువ, అందుకేనేమో ఎండలో నడిచొచ్చిన మనిషికి చెంబెడు నీళ్లివ్వకుండా పంపడం అంటే ఇక్కడివాళ్లకు పాపంతో సమానం. ఎండాకాలం ఏ ఊరి బస్టాండుకైనా వెళ్లి చూడండి, చలివేంద్రం పందిరి కింద తడిగుడ్డ చుట్టిన కుండలు కనబడతాయి.

ఒకసారి రాయదుర్గం కోట చూసి తిరిగొస్తూ దగ్గరవుతుందని మెయిన్ రోడ్డు వదిలి పొలాల దారి పట్టాను. సర్కారు కంప ముల్లు దిగి ముందు టైరు పోయింది. సాయంత్రం ఆరు దాటింది, ఫోన్‌లో సిగ్నల్ లేదు, ఆ కొండల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయని నాకు తెలుసు, టెన్షన్ మొదలైంది. చెనక్కాయల మూటలేసుకుని ఒక ట్రాక్టరు వచ్చింది. నడిపే కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు, "యాడ పోవల్ల సార్" అని ఒక్క మాట అడిగి, ఇంకో ఇద్దరితో కలిసి బండిని మూటల మీదికి ఎక్కించాడు. పద్నాలుగు కిలోమీటర్లు తీసుకుపోయి, షాపు మూసేసి ఇంటికెళ్లిపోయిన పంక్చరాయనను లేపి, పని అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. డబ్బులు తీస్తే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "దుడ్లెందుకు సార్, రేపు మా నాయన మీ ఊర్లో ఇట్లే నిలబడిపోతే మీరు ఇడిసిపెట్టి పోతారా" అన్నాడు. ఆ రోజు నుంచి గుంతకల్లు స్టేషన్లో దారి తెలియక నిలబడ్డ పెద్దాయన ఎవరు కనబడినా నేను దాటి పోలేను.

ఇప్పుడు గుత్తి. మీకు నేను ఇవ్వగలిగిన సలహా అంతా ఈ ఒక్క సంగతిలోనే ఉంది కాబట్టి వివరంగా చెప్తాను.

గుత్తి కోట ఒక్క కోట కాదు, కొండ మీద వాకిలి తర్వాత వాకిలి, బురుజు తర్వాత బురుజు, ఎక్కేకొద్దీ ఇంకా ఉంటుంది. మరాఠా సర్దారు మురారిరావు దీన్ని ఏలాడు, 1776లో హైదర్ అలీ చేతికి పోయింది. పైన కొండ అంచున మురారిరావు కూర్చునేవాడని చెప్పే చిన్న మండపం ఉంది, అక్కడి నుంచి చూస్తే ఊరు, రైలు పట్టాలు, పొలాలు అన్నీ బొమ్మల్లా కనబడతాయి. మా అమ్మాయికి పదేళ్లప్పుడు, ఒక ఫిబ్రవరి ఆదివారం, ఇద్దరమే వెళ్లాం. కొండ మొదట్లో మేకలు తోలుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు, భుజాన నల్ల కంబళి, చేతిలో దోటి. "యాటికి పోతాండారప్పా" అన్నాడు. పైదాకా పోతాం తాతా, నాలుగింటికి దిగుతాం అన్నాను. "ఎడమపక్క గోడెంట పోవద్దు, బండ కింద తుట్టెలుండాయి, పాపనేసుకోని పోతాండావు, సద్దు చేయగాకండి" అని చెప్పాడు.

మేం ఆయన చెప్పినట్టే కుడి పక్కన వెళ్లాం. దిగేటప్పుడు, మూడో వాకిలి దగ్గరికి వచ్చేసరికి, మాకన్నా వెనక ఎక్కిన కుర్రాళ్లెవరో తేనెతుట్టె మీదికి రాయి విసిరారు. అవి మామూలు తేనెటీగలు కావు, కొండ తేనెటీగలు, బండ కింద చాటంత తుట్టె కట్టుకునేవి, ఒకటి కుడితే ఆ వాసనకు మిగతావన్నీ అక్కడికే వస్తాయి. ముందు మోటారు తిరిగినట్టు ఒక హోరు వినబడింది. తలెత్తి చూసేలోపే నా మెడ మీద మంట. అమ్మాయి చేతులు ఆడిస్తూ అరవడం మొదలుపెట్టింది. నాకు కాళ్లు ఆడలేదు, దాన్ని ఎత్తుకోవాలా పరుగెత్తాలా, మెట్లు చూస్తే నున్నటి రాళ్లు, జారితే అంతే.

అప్పుడు కింద నుంచి ఆ పెద్దాయన వచ్చాడు. పరుగెత్తి రాలేదు, దబదబా నడిచొచ్చాడు, వచ్చీరాగానే కంబళి తీసి మా ఇద్దరి మీదా కప్పేసి, "కూసోండి, కూసోండి, చేతులాడిచ్చొద్దు, పాపా నోరు మూసుకో తల్లీ" అన్నాడు. లోపల చీకటి. గొర్రెబొచ్చు వాసన, మేకపాల వాసన, బీడీ పొగ వాసన. ఆ ఉన్ని గుచ్చుకుంటుంటే మా అమ్మాయి నా ఛాతీకి మొహం ఆనించి వణుకుతోంది, బయట ఈగలు కంబళికి తగులుతున్న చప్పుడు, పెనం మీద బొరుగులు పడ్డట్టు. ఎంతసేపో తెలియదు, పది నిమిషాలే అయ్యుండొచ్చు. తర్వాత కంబళి అట్లాగే కప్పుకుని, ఆయన భుజం పట్టుకుని, వంగి ఒక్కొక్క మెట్టే దిగాం. కిందికొచ్చాక చూస్తే నాకు పదకొండు, అమ్మాయికి రెండు. ఆయనకు చెవుల మీద, చేతుల మీద ఎన్ని కుట్టాయో నేను లెక్కపెట్టలేకపోయాను. మా అమ్మాయి చెంప మీద దిగిన ముల్లును ఆయన వేళ్లతో పట్టి లాగలేదు, గోరుతో పక్కకు గీకి తీశాడు, పట్టి లాగితే ఉన్న విషం లోపలికి ఎక్కుతుందని ఆయన నమ్మకం. ఎలా తీశామన్నది కాదు, త్వరగా తీయడమే ముఖ్యం. చల్లటి నీళ్లతో కడగండి. పెదవులు, కళ్లు వాచినా, ఊపిరి ఆడటం కష్టమైనా, చాలా చోట్ల కుట్టినా ఇంక చిట్కాలు పక్కన పెట్టి తిన్నగా ఆస్పత్రికే.

మీరు ఎలా చూసి వచ్చారు తాతా అని అడిగితే ఆయన చెప్పిన మాట: "నాలుగింటికి దిగుతామంటిరి కదా, సద్దు ఇనపడె, మీరే అనుకుంటి."

అందుకే చెప్తున్నాను. ఏ కోటైనా సరే, ఎక్కే ముందు కింద ఒక మనిషికి చెప్పండి. టీ అంగడి ఆయన కావచ్చు, మేకలాయన కావచ్చు, పుల్లలేరుకునే అవ్వ కావచ్చు. ఎంతమందిమి, ఎటు వెళ్తున్నాం, ఎప్పుడు దిగుతాం, ఈ మూడూ. అంత చిన్న మాటతో మీరు వాళ్లకు దారిన పోయే టూరిస్టు కాకుండా పోతారు, మీ బాధ్యత వాళ్లు తీసేసుకుంటారు. ఎక్కడ తుట్టె ఉంది, ఏ మండపంలో కప్పురాయి కదులుతోంది, ఏ బావి దగ్గర గట్టు జారుతుంది, ఇవి ఏ బోర్డు మీదా ఉండవు, వాళ్లకే తెలుసు. తేనెటీగల దగ్గర సెంటు కొట్టుకుని వెళ్లకండి, సిగరెట్టు అసలు వద్దు, పాపకు ముందే చెప్పి పెట్టండి, కోటలో అరవకూడదని. రేగాయంటే రుమాలో చున్నీయో మొహానికి కప్పుకుని అక్కడి నుంచి దూరంగా, చెట్ల మరుగుకో కారులోకో వెళ్లిపోవాలి, నీళ్లలో మాత్రం దూకకూడదు, తల పైకెత్తేదాకా అవి పైనే తిరుగుతుంటాయి.

గుత్తిలో కొండ కింద పాత ఇంగ్లీషు శ్మశానం ఉంది, అదీ చూడండి. దత్తమండలాలకు, అంటే నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన ఈ సీమ జిల్లాలకు, మొదటి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరై, తన దేశానికి వెళ్లిపోయే ముందు ఈ జనాన్ని చివరిసారి చూద్దామని వచ్చి 1827 జూలైలో పత్తికొండలో కలరాతో చనిపోతే ఇక్కడే పాతిపెట్టారు, 1831లో మద్రాసుకు తీసుకుపోయారు. ఆయన పేరు మీద పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నవాళ్లు ఈ సీమలో ఉన్నారు. ఆయన చనిపోయిన చోట ప్రభుత్వం ఒక బావి తవ్వించి తోపు వేయించింది. దారిన పోయేవాళ్లకు నీళ్లు, నీడ. ఈ నేలలో మనిషిని తలుచుకోవడం అంటే అదే.

ఆ పత్తికొండ దారిలోనే, గుత్తి నుంచి ఎంతో దూరం కాదు, ఎర్రగుడి ఉంది, జొన్నగిరి పక్కన. మీ లిస్టులో లేదు, దయచేసి చేర్చుకోండి. పొలాల మధ్య బండల మీద అశోకుడి శాసనాలు, పద్నాలుగు పెద్ద శాసనాలూ ఒకే చోట, చిన్న శాసనంతో సహా. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వీటిని గుర్తించాడు. ఆ చిన్న శాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు, మళ్లీ ఎడమ నుంచి కుడికి, కాడెద్దులతో సాలు దున్నినట్టు చెక్కారు. నేను మొదటిసారి వెళ్లింది ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం, తెలివితక్కువ టైము, తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. పక్క చేలో ఒక అవ్వ పిలిచి చెట్టు కింద కూర్చోబెట్టి చెంబు చేతికిచ్చింది. సగం తాగాక చూశాను, ఆమె పక్కనే సగం పగిలిన కుండపెంకులో నీళ్లు పోసి పెట్టి ఉంది, ఒక తొండ గట్టు మీద నుంచి తల ఆడిస్తూ చూస్తోంది, రెండు పిచ్చుకలు మా ఇద్దరినీ లెక్కచేయకుండా వచ్చి తాగి పోయాయి. ఇది ఎవరికవ్వా అంటే, "యాదానికైనా నాయనా, దప్పి అందరికీ ఒకటే కదా" అంది. తర్వాత సంగటి ముద్ద, ఊరిమిండి పచ్చడి పెట్టింది, వద్దంటే ఊరుకోలేదు.

తిన్న తర్వాత మళ్లీ బండ దగ్గరికెళ్లాను. నాకు బ్రాహ్మి లిపి రాదు, కానీ అందులో ఏముందో చదువుకునే వెళ్లాను. రెండో శాసనంలో ఉన్నది ఇదే, మనుషులకూ పశువులకూ ఇద్దరికీ వైద్యం ఏర్పాటు చేశాం, మందు మొక్కలు దొరకని చోట తెప్పించి నాటించాం, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు వేయించాం, మనుషుల కోసం, పశువుల కోసం. మొదటి శాసనంలో వంటశాలలో చంపే జీవాలను తగ్గించి ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే అన్నాడు, అవీ ముందు ముందు ఉండవన్నాడు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దపు అక్షరాలు అవి. ఆ అవ్వకు చదువు రాదు. ఆ బండ మీద ఏముందని అడిగితే "రాజులు రాసింది" అంది, అంతే. నేను ఆ ఎండలో అక్కడ చాలాసేపు నిలబడిపోయాను, కళ్లలో నీళ్లొచ్చాయి, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మీ పాప కుక్కల భయం గురించి. గండికోటలో కుక్కలున్నాయి, కోట లోపలే ఊరుంది కదా, జనం కాపురాలున్నాయి, కుక్కలూ ఉంటాయి. కిందటేడు మా ఇంటావిడ రంగనాథస్వామి గుడి మండపంలో ఒక మూల శిల్పం చూద్దామని వెళ్తే ఒక కుక్క పళ్లు బయటపెట్టి గుర్రుమంది. జామకాయలమ్మే ఆమె దూరం నుంచే కేకేసింది, "ఆ మూలకు పోవద్దక్కా, ఈనింది అది, మూడు దినాలాయ." వెనక్కి వచ్చి మెట్ల మీద కూర్చుంటే అప్పుడు కనబడ్డాయి, స్తంభం చాటున నాలుగు పిల్లలు, కళ్లింకా తెరవలేదు, ఒకదాని మీద ఒకటి ఎక్కి పాకుతున్నాయి. తల్లి మమ్మల్ని చూస్తూ చూస్తూ అరగంటకు మెల్లగా తల కింద పెట్టింది. అది మమ్మల్ని బెదిరించాలనుకోలేదు, దాని ఇల్లు అది, మేం చెప్పకుండా లోపలికి వెళ్లాం.

అక్కడి నుంచి జామా మసీదు వైపు వెళ్తుంటే ఇంకో నల్ల కుక్క మా వెంటపడింది. ఆ జామకాయలామె కొడుకు, ఏడెనిమిదేళ్ల పిల్లాడు, "కరిగా, రారా" అనగానే తోక ఊపుతూ వాడి కాళ్ల దగ్గరికెళ్లింది. కోనేరు దగ్గర ఆగిపోయింది, ఆ పక్క వేరే కుక్కల జాగా అట, దాటదట. మీ పాపకు నేను చెప్పేది ఇదే, కుక్క కనబడితే పరుగెత్తొద్దు, అరవొద్దు, కళ్లలోకి గుచ్చి చూడొద్దు, చేతులు పక్కన పెట్టుకుని నిలబడాలి, అక్కడున్న పిల్లల్ని ఎవరినైనా దాని పేరేమిటని అడగాలి. పేరు తెలిసిన కుక్కంటే పిల్లలకు సగం భయం పోతుంది, నేను చూశాను. తినేటప్పుడు, పిల్లల దగ్గరున్నప్పుడు ఏ కుక్క దగ్గరికీ పోవద్దు. ఒకవేళ కరిచినా, గీరినా, ఎంత చిన్నదైనా, వెంటనే పారే నీళ్ల కింద సబ్బు పెట్టి పావుగంట కడిగి, అదే రోజు ఆస్పత్రికెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టాలి, చెప్పిన తేదీల్లో అన్ని డోసులూ పూర్తి చేయాలి. గాయం లోతుగా ఉంటే ఇంకో ఇంజెక్షన్ కూడా అవసరమవుతుంది, డాక్టరు చెప్తారు. ఊరి కుక్కే కదా, తెలిసిన కుక్కే కదా అని ఆగొద్దు.

గండికోటలో నిజంగా భయపడాల్సింది కుక్కలకు కాదు, పెన్న లోయ అంచుకు. ఎర్రరాళ్లు మెట్లు పేర్చినట్టుండి పిల్లలకు ఎక్కాలనిపిస్తుంది, కింద వందల అడుగుల లోతు. పాప చెయ్యి వదలకండి, సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేయకండి.

కోతులు. యాగంటి, అహోబిలం వెళ్తే తప్పవు. నన్ను గీరింది యాగంటిలోనే, తప్పు నాదే, కొబ్బరిచిప్ప కనబడేలా క్యారీబ్యాగులో పట్టుకున్నాను. తిండి ఏదైనా జిప్పున్న సంచిలో, కారులో. లాక్కుంటే వదిలేయండి, గుంజుకోవద్దు. పళ్లు కనబడేలా నవ్వితే అవి కోపమనుకుంటాయి. కోతి గీరినా టీకా వేయించుకోవాలి, నేను వేయించుకున్నాను. బిస్కెట్లు పెట్టకండి. పుణ్యమనుకుని పెడతారు, కానీ వాటికి మనిషి చేతిలో సంచి అంటే తిండి అని అలవాటైపోతుంది, తర్వాత వచ్చే పిల్ల చేతిని కొరుకుతుంది, దాంతో ఊరివాళ్లు వాటిని కొట్టి తరుముతారు. మనం పెట్టిన బిస్కెట్టుకు దెబ్బలు అవి తింటాయి.

పాముల గురించి మీరు భయపడుతున్నంత లేదు, కానీ జాగ్రత్త మాత్రం కావాలి. ఈ రాతి నేలల్లో చిన్నపింజరి ఉంటుంది, జానా బెత్తెడు ఉంటుంది, మట్టిరంగులో కలిసిపోతుంది, దగ్గరికెళ్తే చుట్టలు రాపాడించి ఇసుక రాలినట్టు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వింటే ఉన్నచోటే ఆగి వెనక్కి తగ్గండి. డిసెంబరు పొద్దున ఎండ కోసం బండల మీదికి వస్తాయి. బూట్లు వేసుకోండి, చూడకుండా రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకండి, గోడ మీద కూర్చునే ముందు కర్రతో తట్టండి, పొద్దుగూకాక టార్చి లేకుండా అడుగు వేయొద్దు. కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, నాటుమందు, ఏదీ వద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, ఆ కాలు కదలకుండా పెట్టి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందున్న ఆస్పత్రికి. పామును చంపి వెంట తీసుకుపోవాల్సిన పని లేదు, టైమంతా దానికే పోతుంది.

ఎలుగుబంటి, చిరుతల మాట. పెనుకొండ, రాయదుర్గం కొండల్లో ఉన్నాయి. అవి మన కోసం రావు, రేగుపళ్ల కోసం, నీళ్ల కోసం పొద్దువాలాక దిగుతాయి. నాలుగున్నరకల్లా మీరు కొండ దిగిపోతే సరిపోతుంది.

మీకు టైముంటే ఇంకో రెండు చోట్లు. కడప దాకా వస్తే సిద్ధవటం కోట, పెన్న ఒడ్డునే, మట్లి రాజులది. ఆ పక్క లంకమల అడవుల్లోనే కలివికోడి దొరికింది. 1848లో జర్డన్ అనే ఆయన లోకానికి చెప్పిన పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు, 1986 జనవరిలో మళ్లీ దొరికింది. దాన్ని మొదట రాత్రిపూట పట్టి తెచ్చి చూపించింది అక్కడి పల్లె వేటగాడు, పరిశోధకులు దాని బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగి అడిగితేనే. మీకు ఆ పిట్ట కనబడదు, దానికోసం వెళ్లొద్దు కూడా, కలివి పొదలను కాపాడుకుంటే చాలు. నేను చెప్పేది, అడిగితే చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారని.

లేపాక్షిలో వీరభద్రుడి గుడి, వేలాడే స్తంభం, పెద్ద నంది అందరూ చూస్తారు. అక్కడి నుంచి చిలమత్తూరు మండలంలోని వీరాపురం దగ్గరే. ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి. డిసెంబరుకు ఇంకా వచ్చి ఉండకపోవచ్చు, ఫిబ్రవరి దాటాక వస్తే చూడొచ్చు. ఊరివాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. నేను వెళ్లినప్పుడు గూట్లోంచి పడ్డ పిల్లను ఒకామె చీర కొంగులో పెట్టుకుని, చేపముక్క నోటికందిస్తూ కూర్చుని ఉంది, రెట్ట కంపు, అరుపులు, ఇంటి ముందంతా తెల్లగా. కష్టంగా లేదా అక్కా అంటే, "పిల్లలున్న ఇల్లు ఇట్లే కదన్నా ఉండేది" అంది.

చివరగా, ఇంత చేసినవాళ్లకు తిరిగి ఏమివ్వాలి అని మా అమ్మాయి చిన్నప్పుడు అడిగింది. డబ్బులిస్తే చాలామంది నొచ్చుకుంటారు. జామకాయలు, చెనక్కాయలు అమ్ముతుంటే బేరం ఆడకుండా కొనండి, అది వేరే. నేను చేసేది ఒకటుంది, వాళ్లను అడిగి ఫోటో తీసి, ప్రింటు వేయించి, మళ్లీ వెళ్లినప్పుడు ఇస్తాను. ఫోన్లో చూపించి వచ్చేయడం కాదు, చేతికి కాగితం ఇవ్వాలి. గుత్తి పెద్దాయన దగ్గరికి రెండు వారాలకు అట్లాగే వెళ్లాను, కంబళి కప్పుకున్న మా అమ్మాయి, పక్కన చెవులు వాచిన ఆయన. ఆయన ఇంట్లో లేడు, అవ్వ ఉంది. ఫోటో వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసి, "ఈ పాపేనా, మా ముసలాయప్ప చెప్పిన పాప" అని మా అమ్మాయి బుగ్గ తడిమి, ఫోటోను గూట్లో దేవుడి పటం పక్కన పెట్టింది.

ఆ తర్వాత ప్రతి సంక్రాంతికీ వెళ్తున్నాం. మా అమ్మాయి ఇప్పుడు డిగ్రీ అయిపోయి ఉద్యోగంలో ఉంది, సెలవుకొస్తే ముందు అక్కడికే పోదాం అంటుంది. పెద్దాయన మేకలు అమ్మేశాడు, మోకాళ్లు సహకరించక కొండ ఎక్కడం లేదు, కానీ ఇంట్లో కూర్చోలేక మధ్యాహ్నం నుంచి కొండ కింద వేపచెట్టు అరుగు మీద ఉంటాడు, చలికాలమైతే ఆ కంబళితోనే. మీరు వెళ్లిన రోజు కనబడితే, పైకి పోతున్నాం తాతా అని చెప్పి ఎక్కండి. ఎన్నింటికి దిగుతారని అడుగుతాడు. సరిగ్గా టైము చెప్పండి, ఆలస్యం చేయకండి, మీరు దిగేదాకా ఆయన అక్కడి నుంచి లేవడు.